ఊఁ కొట్టే మనిషి

జమున ఇంట్లో టీవీని చూసినవాళ్ల కంటే విన్నవాళ్లే ఎక్కువ. ధర్మపురి దగ్గరి ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామంది బీడీలు చేస్తారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన దారపు ఉండ. కళ్లు ఆకును వదిలాయంటే బీడీ వంకర పోతుంది, వంకర బీడీని కార్ఖానాలో తీసి పక్కన పడేస్తారు. అందుకని వాళ్లు కళ్లు ఆకుకిచ్చి, చెవులు టీవీకిచ్చారు. సీరియల్లో సుగుణ నిన్న ఏ రంగు చీర కట్టిందో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు. ఆమె అత్త రాజ్యలక్ష్మి ఏ అబద్ధానికి ముందు ఎలా గొంతు సవరించుకుంటుందో మాత్రం అందరికీ తెలుసు.

ఆ సీరియల్‌కు పొడుగాటి పేరొకటి ఉంది. ఎవరికీ నోరు తిరగక ఊరంతా దాన్ని సుగుణ సీరియల్ అనేది. దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఒకప్పుడు ఆ వేళకు జమున ఇల్లు చాటలతో నిండిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్లకు గడప మీదే చోటు దొరికేది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లది. పక్కపక్కన కూర్చున్న అత్తాకోడళ్లు కూడా చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒకే సీరియల్‌ను వేరువేరుగా చూస్తున్నారు. ఒకరు నవ్వే వేళకు ఇంకొకరు కళ్లు తుడుచుకుంటున్నారు. అదేం చూడటమో, దాన్ని కనిపెట్టిన మహానుభావుడికే తెలియాలి. జమున ఇంటికి ఇంకా వస్తున్నది యాదవ్వ ఒక్కతే. ఆమె జమునకు చిన్నత్త వరస. ఫోనులో బొమ్మలు ఆమె కళ్లకు ఆనవు. పైగా రాజ్యలక్ష్మిని తిట్టేటప్పుడు అవునవునని తలూపే మనిషొకరు పక్కన లేకపోతే ఆమెకు సీరియల్ చూసినట్టే ఉండదు.

జమున మొగుడు కైలాసం షార్జాలో గోడలు కట్టే సుతారి. ఏళ్లుగా అక్కడే. మొదట్లో ఫోను చేస్తే "తిన్నవా?" "తిన్న." "పానం మంచిగుందా?" "మంచిగుంది." అంతటితో మాటలు అయిపోయేవి. తర్వాత ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ కాసేపు ఉండి, ఉంటానంటే ఉంటానని పెట్టేసేవారు. ఒకే వంట తినని, ఒకే వానలో తడవని ఇద్దరు మనుషులు ఎన్నని మాట్లాడుకుంటారు?

కైలాసం కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు కూతురు హర్షిణి తండ్రి ఫోనులో ఒక యాప్ వేసిచ్చింది. హర్షిణి కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. టీవీలో సాయంత్రం రావాల్సిన సుగుణ సీరియల్ ఆ యాప్‌లో తెల్లారకముందే వచ్చేస్తుంది. షార్జా వెళ్లాక కైలాసం పనికి పోయే బస్సులో దాన్ని చూసేవాడు. నాస్తా వేళ ఫోను చేసి, ఆ రోజు కథ మొత్తం జమునకు చెప్పేవాడు.

చెప్పడమంటే మామూలుగా కాదు. రాజ్యలక్ష్మి గొంతు రాజ్యలక్ష్మిలాగా, సుగుణ ఏడుపు సుగుణలాగా. జమున ఫోనును స్పీకర్‌లో పెట్టి కిటికీలో నిలబెట్టి, బీడీలు చేస్తూ వినేది. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ కథ చెప్పేటప్పుడూ ఇదే షరతు, ఊఁ ఆగితే పిల్ల నిద్రపోయిందని కథ ఆపేసేది. ఇక్కడ ఊఁ ఆగితే లైను తెగిందనుకుని కైలాసం "హలో, హలో" అని గాభరా పడేవాడు.

"ఊఁ కొట్టరాదే, గోడకు చెప్తున్ననా ఏంది నేను?"

"కొడ్తనే ఉన్న గదనయ్యా. నీకే ఇనవడ్తలేదు."

సాయంత్రం మళ్లీ అదే కథ టీవీలో వచ్చేది. మొగుడు చెప్పిందే బాగుందని జమున లోలోపల మురిసిపోయేది. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లు అంతగా మాట్లాడుకున్నది ఆ ఒక్క ఏడాదే.

ఎండలు ముదిరే రోజుల్లో కైలాసం ఫోను పగిలిపోయిందన్నాడు. అప్పట్నుంచి వెంకటి ఫోనులోంచి చేస్తున్నాడు. వెంకటిది కోరుట్ల, కైలాసానికి దోస్తు. వీడియో కాల్ చెయ్యమంటే కెమెరా ఖరాబైందన్నాడు. పైసలు పంపడం ఆగిపోయింది, కంపెనీ జీతాలు ఆపిందన్నాడు. గల్ఫ్ ఇళ్లల్లో ఇవి వింత మాటలు కావు. కథ మాత్రం రోజూ చెబుతున్నాడు కాబట్టి జమున దేనికీ అనుమానపడలేదు.

ఒకరోజు పొద్దున, "గియ్యాల రాజ్యలక్ష్మి మారిపోయిందే," అన్నాడు. "కోడలు చెయ్యి పట్టుకొని, నాదే తప్పు బిడ్డా అని ఒక్కతీరుగ ఏడ్సింది."

ఆ సాయంత్రం టీవీలో రాజ్యలక్ష్మి సుగుణను బయటకు గెంటి తలుపేసింది. యాదవ్వ నోరు తెరిచింది.

"నీ మొగడు ఏం చెప్పిండే? గీడ మెడవట్టి గెంటవట్టె!"

జమున కాసేపు ఆలోచించింది. "షార్జాల వేరే కథ వస్తదేమో అత్తా. పేపర్ల కరీంనగరోళ్లకు ఒక తీరు, ఆదిలాబాదోళ్లకు ఒక తీరు వార్తలు వస్తలేవా? గిది గట్లనే కావచ్చు. గక్కడోళ్లకు కొట్లాటలు నచ్చయేమో."

యాదవ్వకు ఈ మాట చాలా నచ్చింది. దేశం మారితే కథ మారడంలో తప్పేముంది! అప్పట్నుంచి వాళ్లిద్దరికీ రోజుకు రెండు సీరియళ్లు. పొద్దున షార్జా సుగుణ, సాయంత్రం మన సుగుణ. షార్జా సుగుణే సుఖపడుతోందని యాదవ్వ తీర్పు చెప్పింది.

ఆదివారం ఇంటికొచ్చిన హర్షిణి ఈ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎక్కడ చూసినా ఒక్కటే కథ ఉంటదవ్వా. దేశానికొక సుగుణను తీస్తరా?" అని తల్లిని అడిగింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. తల్లి మొహం చూసింది.

"అవ్వా, బాపు సీరియల్ చూస్తలేడు. ఊకెనే అల్లి చెప్తుండు."

జమున చేతిలోని ఆకు జారి చాటలో పడింది.

"ఎందుకు చెప్తుండు గట్ల? నేను అడుగుతా బాపును," అని హర్షిణి ఫోను తీసింది.

"అడుగకు," అంది జమున.

అడిగితే ఏమవుతుందో జమునకు తెలుసు. కైలాసం మొదటిసారి గల్ఫ్ పోయినప్పుడు ఏజెంటు మోసం చేశాడు. సుతారి పనని చెప్పి ఎడారిలో ఒంటెలు కాసే పనిలో పెట్టారు. ఆ సంగతి దాచి అంతా బాగుందని చెబుతుంటే, నాకెందుకు అబద్ధం చెప్పినవని జమున ఫోనులో నిలదీసింది. నాలుగు మాటలు గట్టిగానే అంది. ఆ సిగ్గుతో అతను ఫోను చేయడమే మానేశాడు. వానాకాలం మొత్తం బతికున్నాడో లేడో తెలియక ఆమె వేములవాడ రాజన్నకు మొక్కుకుంటూ గడిపింది. కైలాసం మంచివాడే, కానీ అబద్ధం దొరికిపోతే మొహం చెల్లని మనిషి. మాట తెగితే మనిషే తెగిపోతాడు.

కాబట్టి మర్నాడు అతను ఫోను చేసినప్పుడు జమున ఎప్పటిలాగే చాట ముందేసుకుని ఊఁ కొట్టింది. సాయంత్రం టీవీలో తలా తోకా వేరైన కథ నడిచింది. ఆ మర్నాడు, "నువ్వు చెప్పినట్టే అయింది నిన్న," అని చెప్పింది. అవతల అతను హమ్మయ్య అనుకోవడం ఆమెకు ఊపిరిలో వినిపించింది.

తొలకరి పడ్డాక ఒక పొద్దున కైలాసం, "కథల కొత్త మనిషి వచ్చిండే," అన్నాడు.

"ఎవ్వలు?"

"రఘుపతి అని, సుగుణ వాళ్ల మేనమామ. సుతారి పని చేస్తడు."

సుగుణ సీరియల్లో వంటింట్లో కూడా పట్టుచీరలే కడతారు. నీళ్లు తాగాలన్నా మేడ మెట్లు దిగాలి. అలాంటి ఇంటికి సిమెంటు చేతుల మేనమామ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడు? జమున "ఊఁ" అంది.

"పెద్ద బిల్డింగు పని నడుస్తుంటది. పరంజా మీదికెళ్లి కింద పడ్డడు."

"ఊఁ."

"చేతికి దెబ్బ తాకింది. ఇగ నీతోని పని కాదు, మీ ఇంటికి పో అన్నరు కంపెనోళ్లు. గీయిన పోలే. రూము ఇడ్సిపెట్టి బయటపడ్డడు. దోస్తు రూముల ఉంటుండు. పోలీసోళ్లు కనవడితే దాసుకుంటుండు."

కంపెనీ వదిలేసి కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్లను అక్కడ కల్లివెల్లి అంటారు. ఈ మాట తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు. కైలాసం ఆ మాట అనలేదు, జమునా అనలేదు.

"పెండ్లానికి చెప్పిండా?" అని మాత్రం అడిగింది.

"ఎట్ల చెప్తడు? ఆమె మంచిదే. గని ఏం మొఖం వెట్టుకొని పోతడే ఇంటికి? పని చేసేటోడు పనికి రాకుంట పోయినంక ఇంట్ల ఎందుకు?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఊఁ మారిపోతుంది. ఊఁ మారితే అతను కనిపెట్టేస్తాడు. పెదవి పళ్ల కింద నొక్కిపెట్టి, "ఊఁ" అంది. తర్వాత నెమ్మదిగా, "దెబ్బ మానిందా ఆయనకు?" అంది.

"మానింది. ఫికర్ చెయ్యకు. కథనే గదా."

ఆ సాయంత్రం జమున చాట పక్కన పెట్టి, మొదటిసారి టీవీకి ఎదురుగా కూర్చుని కళ్లతో చూసింది. రఘుపతి రాడని తెలుసు. అయినా తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆమె చూపు అక్కడికే పోయింది. వచ్చినవాళ్లంతా మంచి బట్టల్లో ఉన్నారు, అందరి చేతులూ బాగున్నాయి. ఆ అందమైన మనుషుల మీద ఆమెకు వల్లమాలిన కోపం వచ్చింది.

ఆ తర్వాత సుగుణ వెనక్కిపోయింది, కథంతా రఘుపతిదే అయింది. రఘుపతి ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఊళ్లో పండుగని తెలిసి ఎలా కూర్చున్నాడు. జమున వింటూ, సందు దొరికినప్పుడల్లా తన మాట కథలోకి తోసేది. "ఆ పెండ్లాం జాగల నేనుంటే, ఉన్న పలంగ రమ్మంట. ఒక్క మాట సుత అనను," అనేది. "నువ్వున్నవా కథల?" అని అతను నవ్వేవాడు. "రాసేటోడు రాయాలె గదనే." ఆ నవ్వు సగంలో ఆగిపోయేది. ఇంకొన్నాళ్లు ఇలాగే తోస్తే వస్తానంటాడని ఆమెకు ఆశ కలిగింది. విసుక్కోకుండా, గుచ్చి గుచ్చి అడక్కుండా, కథ చాటునే అతన్ని ఇంటిదాకా నడిపించాలనుకుంది.

ఈలోగా అసలు సీరియల్ అటకెక్కింది. టీవీలో ఎవరూ చూడటం లేదట, ఫోనులో చూసేవాళ్లు కూడా ఓపిక లేక సగం దాటవేసి చూస్తున్నారట, రేటింగ్ పడిపోయిందట. సంవత్సరాల తరబడి విషం కక్కిన రాజ్యలక్ష్మి ఒక్క సాయంత్రంలో మంచిదైపోయింది. జైల్లో ఉన్నవాడు విడుదలయ్యాడు, చచ్చినవాడు బతికొచ్చాడు. అందరినీ ఒక చోట నిలబెట్టి ఫోటో తీసి, శుభం అనేశారు. ఇన్నేళ్లు ఏడిపించినవాళ్లు పోతూ పోతూ ఒక మాటైనా చెప్పి పోకూడదా? యాదవ్వ ఇంటికెళ్లి అన్నం తినకుండా పడుకుంది.

జమునకు భయం పట్టుకుంది. హర్షిణికి ఫోను చేసి, "సీరియల్ బందయిందని బాపుకు చెప్పకు," అంది. మర్నాడు నాస్తా వేళ ఫోను మోగింది.

"గియ్యాల ఏమైందంటే," అని మొదలుపెట్టాడు కైలాసం.

అతనికి తెలియదు. ఆమె కళ్లు మూసుకుని, "ఊఁ" అంది.

అలా చచ్చిపోయిన సీరియల్ ఆ కిటికీలో రోజూ నడిచింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఎవరూ చూడని సీరియల్, చెప్పేవాడొకడు, ఊఁ కొట్టేది ఒకతె. పోనీ, ఎవరికి నష్టం? జమునకు అది చాలు. కానీ ఆమె హర్షిణికి చెప్పినట్టు యాదవ్వకు చెప్పడం మర్చిపోయింది. యాదవ్వ పొద్దున పూట వచ్చే మనిషి కాదు మరి.

ఆ రోజు చింతపండు అయిపోయిందని వచ్చింది. కిటికీలోంచి కైలాసం గొంతు వినిపిస్తోంది. "సుగుణ వాళ్ల మేనమామకు ఉత్తరం రాసిందే. గా ఉత్తరం పట్టుకొని రఘుపతి..."

"ఏ సుగుణరా కొడుకా?" అని యాదవ్వ వాకిట్లోంచే అందుకుంది. "గా సీరియల్ బందయి ఎన్నొద్దులాయె! అందర్ని నిలవెట్టి ఫోటో సుత దింపిరి. మీ షార్జాల ఇంక నడుస్తుందా?"

జమున చాట విసిరేసి లేచింది. ఫోను అందుకునేసరికి అవతల ఏ చప్పుడూ లేదు.

"అయ్యా? ఇంటున్నవా? అత్తకు ఏం తెల్వదు, నువ్వు చెప్పు..."

ఫోను పెట్టేశాడు.

యాదవ్వ చింతపండు గిన్నెతో అలాగే నిలబడిపోయింది. "నేనేమన్ననే బిడ్డా? ఉన్నదే గదా చెప్పిన," అంది. తంబాకు నేలంతా చల్లినట్టు పడి ఉంది. దాని మధ్యలో కూర్చుని జమున గట్టిగా ఏడ్చింది. ఇన్నాళ్లూ ఊఁ వెనక దాచిపెట్టిన ఏడుపంతా బయటికి వచ్చింది. యాదవ్వకు అప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. తెలిశాక నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత ఫోను రాలేదు. నాస్తా వేళ దాటిపోయేది, కిటికీ కిటికీలాగే ఉండేది. వెంకటికి చేస్తే, "అన్న బయటికి పోయిండు వదినా," అనేవాడు. ఇంకోసారి, "పండుకున్నడు." ఇంకోసారి ఏమీ చెప్పలేక నీళ్లు నమిలాడు. పాత వానాకాలం మళ్లీ వచ్చిందని జమునకు అర్థమైంది. ఈసారి మాత్రం ఊరికే కూర్చోనని అనుకుంది.

"వెంకటీ, ఆయన నీ పక్కకే ఉన్నడు. నాకు ఎరికే," అంది. "ఫోను ఆయన చెవి కాడ పెట్టు. మాట్లాడుమనకు. ఇంటే చాలు."

కాసేపు గుసగుసలు వినిపించాయి. తర్వాత ఒక ఊపిరి. ఆ ఊపిరిని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"గియ్యాల కథ నేను చెప్త," అంది జమున. "రఘుపతి ఇంటికి బయలెల్లిండు."

ఊఁ రాలేదు.

"పట్నంల ఇమానం దిగి జగిత్యాల బస్సు ఎక్కిండు. ధర్మపురి కాడ గోదారి కనవడంగనే కిటికీల నుంచి దండం పెట్టుకున్నడు. బస్టాండ్ల దిగినంక ఊళ్లెకు ఏం మొఖంతోని పోవాల్నో తెల్వక గా హోటల్ కాడ చాయ తాగుకుంట కూసున్నడు."

ఆమె గొంతు సవరించుకుంది.

"ఊఁ కొట్టవా? ఊఁ కొట్టకుంటే నేను చెప్పను. గోడకు చెప్తున్ననా ఏంది నేను?"

చాలాసేపటికి, ఎక్కడో అడుగు నుంచి వచ్చినట్టు, "ఊఁ" అని వినిపించింది.

జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసింది. "ఇంటికొచ్చిండు. పెండ్లాం బీడీలు చేస్తుంది. మనిషిని చూసి చాట పక్కకు పెట్టింది. ఏమైందని అడుగలే. ఎందుకు చెప్పలేదని అడుగలే. కాళ్లకు నీళ్లిచ్చింది. పీటేసి అన్నం పెట్టింది, పచ్చిపులుసు పోసింది."

"జమునా," అన్నాడు.

"ఊఁ."

"రఘుపతికి దెబ్బ తాకిందని చెప్పిన గదా. మానిందని చెప్పిన. అబద్ధం చెప్పినే." అతని మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "కుడిచెయ్యి లేదే. మోచేతి దాక తీసేసిండ్రు. అన్నం పెడితే ఎట్ల తింటడు?"

జమున తన చేతుల వైపు చూసుకుంది. తంబాకు మరకలు పట్టి, గోళ్లు అరిగిపోయిన చేతులు. అవతల అతను గాభరాగా, "హలో, హలో? జమునా, ఇంటున్నవా?" అంటున్నాడు.

"ఇంటున్న," అంది. "ఆమెకు రెండు చేతులున్నయి గదా. కలిపి పెడ్తది."

కైలాసం ఏడుస్తూనే, "ఊఁ" అన్నాడు.